పరుగెత్తేవాడి చెవిలో అబద్ధం

చూలై, చెన్నై.

చిరంజీవి మనవడికి,



ఆదివారం రాత్రి ఫోన్లో నువ్వొక మాట అడిగావు. "అంపైర్ ఏమీ అనలేదు కదా తాతయ్యా, మరి తప్పెలా అవుతుంది?" అన్నావు. అప్పటికప్పుడు రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదది, అందుకే ఊరుకున్నాను. నీకు పదమూడేళ్లు నిండాయి, ఒక జట్టుకు కెప్టెన్‌వి. నీ ప్రశ్నకు పూర్తి జవాబు దక్కాలి. నిదానంగా కూర్చుని చదువు. అర్థం కానిది ఉంటే మీ నాన్నను కాదు, నన్నే అడుగు.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. అవతలి జట్టు ఇంకా ఇరవై చిల్లర పరుగులు చేయాలి, చేతిలో మూడు వికెట్లున్నాయి. ఆ సన్నటి కుర్రవాడు బంతిని కవర్స్ వైపు మెల్లగా నెట్టి "యెస్" అన్నాడు. జోడీ కదిలాడు. ఇద్దరూ పిచ్ మధ్యకు వచ్చేసరికి మీ కవర్ ఫీల్డర్ గొంతు మార్చి "నో, నో! పో, పో!" అని అరిచాడు. కొట్టిన కుర్రవాడు అది తన జోడీ గొంతే అనుకుని ఆగిపోయాడు, వెనక్కి తిరగబోయి మోకాలి మీద పడ్డాడు. బంతి నీ గ్లవ్స్‌లోకి వచ్చింది, నువ్వు బెయిల్స్ లేపేశావు. మీరందరూ ఒకర్నొకరు కౌగిలించుకున్నారు.

మీరు అప్పుడు చూడనిది నేను చూశాను. పడ్డ కుర్రవాడు లేచి, "వద్దని నువ్వే కదా అన్నావు" అన్నట్టు జోడీ వైపు రెండు చేతులూ చాపాడు. జోడీ తల అడ్డంగా ఊపాడు. ఇతను నమ్మలేదు. పెవిలియన్ వైపు నడుస్తూ రెండు సార్లు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అంతవరకు నలభై పరుగులు కలిసి చేసిన స్నేహితులు ఒక్క అరుపుతో ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. మీ ఫీల్డర్ అరుపుకు ఒక వికెట్ పడిందని స్కోరు పుస్తకంలో రాసుకున్నారు. అది తెంచిన నమ్మకాన్ని ఏ పుస్తకంలోనూ రాయరు.

వికెట్ల మధ్య పరుగంటే ఏమిటో ఒకసారి ఆలోచించు. క్రీజు నుంచి క్రీజుకు 58 అడుగులు. ప్యాడ్లు కట్టుకుని, బ్యాటు పట్టుకుని ఆ దూరం పరుగెత్తేవాడికి చాలాసార్లు బంతి వెనకాల ఉంటుంది. అది ఎవరి చేతిలో పడిందో, ఎటువైపు విసురుతున్నారో వాడికి కనబడదు. కనబడేవాడు పిలవాలి, కనబడనివాడు ఆ పిలుపును నమ్మాలి. బంతి ముందువైపు వెళ్తే కొట్టినవాడిది పిలుపు, వెనకవైపు వెళ్తే అవతలివాడిది. నీకు బ్యాటు పట్టుకోవడం నేర్పిన రోజునే ఈ సంగతి నేర్పాను. యెస్, నో, వెయిట్ అనే మూడు మాటల మీద నడుస్తుందా పరుగంతా. కళ్లు లేనివాణ్ణి రోడ్డు దాటిస్తున్న చెయ్యి లాంటిదా పిలుపు. ఆ చెయ్యి స్థానంలో ఇంకొకడు తన చెయ్యి పెట్టి లారీ కిందికి నడిపిస్తే దాన్ని తెలివి అంటామా?

"ఆటలో మోసగించడం మామూలే కదా, గూగ్లీ మోసం కాదా, స్లో బాల్ మోసం కాదా" అని నువ్వు అడగొచ్చు. మంచి ప్రశ్నే. గూగ్లీ వేసేవాడు బ్యాట్స్‌మన్ ఎదుట నిలబడి వేస్తాడు. వాడి చెయ్యి, మణికట్టు, బంతి మీది కుట్టు అన్నీ బ్యాట్స్‌మన్‌కు కనబడుతూనే ఉంటాయి. చదవగలిగితే చదువుకోమని బౌలర్ సవాలు విసురుతున్నాడు, చదవలేకపోతే అది బ్యాట్స్‌మన్ లోటు. ఆ సవాలు కోసమే ఇద్దరూ మైదానంలోకి దిగారు. పరుగెత్తేవాడి దగ్గర జోడీ గొంతు దొంగిలించినవాడు సవాలు విసరడం లేదు. వాడు ఎదుటి జట్టులోకి దొంగతనంగా దూరి, వాళ్ల మనిషిగా నటిస్తున్నాడు. గూగ్లీ నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. గొంతు మార్చి అరవడానికి ఏ సాధనా అక్కర్లేదు. అందుకే నైపుణ్యం చాలనివాడు దాన్ని పట్టుకుంటాడు.

ఇక నియమం సంగతి. క్రికెట్ చట్టాలు రాసేది లండన్‌లోని ఎంసీసీ. 2017 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టాల్లో 41.5 అనే నిబంధన ఉంది. బ్యాట్స్‌మన్ బంతి ఆడాక, ఏ ఫీల్డరైనా మాటతో గాని చేతతో గాని ఇద్దరు బ్యాట్స్‌మన్లలో ఎవరినైనా కావాలని ఏమార్చడానికి, మోసగించడానికి, అడ్డుకోవడానికి ప్రయత్నిస్తే అది అన్యాయమైన ఆట. ప్రయత్నిస్తే చాలు, ఫలితం రానక్కర్లేదు. అంపైర్ బంతిని డెడ్ బాల్‌గా ప్రకటిస్తాడు. ఎవరూ ఔట్ కారు. బ్యాటింగ్ జట్టుకు ఐదు పరుగులు పెనాల్టీగా వస్తాయి. తీస్తూ ఉన్న పరుగు కూడా, దాటుకున్నా దాటుకోకపోయినా, వాళ్ల ఖాతాలో పడుతుంది. ఆ బంతి ఓవర్‌లో లెక్కకు రాదు. తర్వాతి బంతిని ఎవరు ఆడాలో కూడా వాళ్లే నిర్ణయించుకుంటారు. లెక్క వేసి చూడు. ఆ ఒక్క అరుపుకు అవతలి జట్టుకు ఆరు పరుగులు రావాలి, వికెట్ నిలవాలి, మీరు ఒక బంతి మళ్లీ వేయాలి. చట్టం దాన్ని అంత తీవ్రంగా చూస్తుంది.

ఈ నిబంధన కింద మొదట దొరికినవాడు ఎవరో తెలుసా? నీ గది గోడ మీద బొమ్మ ఉంది చూడు, మార్నస్ లబుషేన్. ఆస్ట్రేలియాలో ఈ చట్టాలను రెండు మూడు రోజులు ముందే అమల్లోకి తెచ్చారు. 2017 సెప్టెంబర్ 29న బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ తరఫున ఫీల్డింగ్ చేస్తూ డైవ్ కొట్టాడు. బంతి చేతికి అందలేదు. అయినా లేచి విసిరినట్టు నటించాడు. అంపైర్లు మాట్లాడుకుని ఐదు పరుగులు ఇచ్చేశారు. తర్వాత అతను గొప్ప టెస్ట్ బ్యాట్స్‌మన్ అయ్యాడు. అందుకు ఆ నటన ఏ రకంగానూ పనికిరాలేదు.

"మరి మన మ్యాచ్‌లో అంపైర్ ఎందుకు ఇవ్వలేదు?" స్కూల్ మ్యాచ్‌లో ఒక ఎండ్‌లో పీఈటీ మాస్టారు నిలబడతారు. స్క్వేర్ లెగ్‌లో చాలాసార్లు బ్యాటింగ్ జట్టు కుర్రవాడే నిలబడతాడు. పన్నెండు గొంతులు ఒకేసారి అరుస్తుంటే ఏది ఎవరిదో మాస్టారికి తెలియకపోవచ్చు. నేను లీగ్ మ్యాచ్‌లకు అంపైరింగ్ చేసిన రోజుల్లోనూ అంపైర్ కళ్లు బంతి మీద, క్రీజు గీత మీద ఉండేవి. చెవి అన్నిటినీ పట్టుకోలేదు.

పెద్ద మ్యాచ్‌ల్లో కూడా తేల్చడం కష్టం. 2021 ఏప్రిల్ 4న జొహానెస్‌బర్గ్‌లో 193 పరుగులు చేసిన పాకిస్తాన్ ఓపెనర్ ఫఖర్ జమాన్ చివరి ఓవర్ మొదటి బంతికి రెండో పరుగు తీస్తున్నాడు. దక్షిణాఫ్రికా కీపర్ క్వింటన్ డికాక్ అవతలి ఎండ్ వైపు చెయ్యి చూపించాడు. ఫఖర్ వెనక్కి తిరిగి చూస్తూ వేగం తగ్గించాడు. ఫీల్డర్ మార్‌క్రమ్ విసిరిన బంతి నేరుగా ఫఖర్ చేరాల్సిన వికెట్లకే తగిలింది. డికాక్ కావాలని ఏమార్చాడా, తోటి ఫీల్డర్‌కు ఏదైనా చెబుతున్నాడా అని లోకమంతా వాదించుకుంది. కావాలని చేశాడా లేదా అన్నది అంపైర్లే తేల్చాలని ఎంసీసీ చెప్పింది. అంపైర్లు పెనాల్టీ వేయలేదు. ఫఖర్ మాత్రం, అవతలి ఎండ్‌లో తన జోడీ హారిస్ రవూఫ్ చేరాడా లేదా అని చూస్తూ ఉండిపోవడం తన తప్పేనని చెప్పి ఊరుకున్నాడు.

ఇందులో నువ్వు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. చట్టంలో అసలు కీలకం 'కావాలని' అన్న మాట. కావాలని చేశాడో లేదో టీవీ కెమెరాకు కూడా కనబడదు. అది చేసినవాడికి తెలుస్తుంది, పక్కనే ఉన్న కెప్టెన్‌కు తెలుస్తుంది. మీ కవర్ ఫీల్డర్ ఎందుకు అరిచాడో మాస్టారికి తెలియదు, నీకు తెలుసు. కాబట్టి అంపైర్ అనలేదు అన్నది నువ్వు చెప్పదగిన జవాబు కాదు. అంపైర్‌కు తెలియనిది తెలిసినవాడివి నువ్వు. తెలిసినవాడి మీదే బాధ్యత ఉంటుంది.

నువ్వు బౌలర్ అశ్విన్ పేరు ఎత్తుతావని కూడా తెలుసు. 2019 మార్చి 25న జైపూర్‌లో బంతి వేయబోతూ ఆగి, తన ఎండ్‌లో క్రీజు దాటి ముందుకు వెళ్లిన నాన్‌స్ట్రైకర్ బట్లర్‌ను రనౌట్ చేశాడు. మన చెన్నై కుర్రవాణ్ణి అప్పుడు ఎంతమంది తిట్టారో! నేను తిట్టలేదు, ఇప్పుడూ తిట్టను. ఎందుకో చెబుతాను. చూలై హైరోడ్డు మీద నుంచి నడుచుకుంటూ వెళ్తే వచ్చే నెహ్రూ స్టేడియం ఉంది చూడు, అప్పట్లో అది కార్పొరేషన్ స్టేడియం. 1956 జనవరిలో అక్కడే న్యూజిలాండ్ మీద వినూ మన్కడ్, పంకజ్ రాయ్ తొలి వికెట్‌కు 413 పరుగులు చేశారు. మన్కడ్ ఒక్కడే 231 కొట్టాడు. ఆ తొలి వికెట్ రికార్డు టెస్టుల్లో 2008 దాకా నిలిచింది. అంత గొప్పవాడి పేరును లోకం దేనికి వాడుకుందో తెలుసా? 1947 డిసెంబర్‌లో సిడ్నీ టెస్టులో బిల్ బ్రౌన్‌ను ఇలాగే రనౌట్ చేశాడని, ఆ రనౌట్‌కే ఆయన పేరు పెట్టి తిట్టుగా మార్చారు. అదే పర్యటనలో అంతకుముందు ఒక మ్యాచ్‌లో బ్రౌన్‌ను మన్కడ్ హెచ్చరించాడు కూడా. అవతలి జట్టు కెప్టెన్ బ్రాడ్‌మన్ స్వయంగా మన్కడ్‌ది తప్పు కాదన్నాడు. చివరికి 2022 అక్టోబర్ నుంచి ఎంసీసీ ఈ ఔట్‌ను అన్యాయమైన ఆట కింద నుంచి తీసేసి మామూలు రనౌట్ల నిబంధనలోకి మార్చింది.

రెండింటికీ తేడా ఇక్కడుంది. బ్రౌన్‌ను గాని బట్లర్‌ను గాని ముందుకు వెళ్లమని ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్లంతట వాళ్లు గీత దాటారు, బౌలర్ ఆ పొరపాటును పట్టుకున్నాడు. నీ మ్యాచ్‌లో ఆ కుర్రవాడు ఏ పొరపాటూ చేయలేదు. మీవాడి అబద్ధమే వాడి చేత పొరపాటు చేయించింది. ఎదుటివాడి పొరపాటును పట్టుకోవడం ఆట. ఎదుటివాడికి పొరపాటును తయారుచేసి పెట్టడం మోసం. ఈ గీత ఎక్కడ ఉందో తెలిస్తే, ముందు ముందు మైదానంలో నీకు సందేహాలు చాలా వరకు రావు.

మరి మీ మ్యాచ్‌లో నువ్వేం చేయాల్సింది? అప్పీల్‌ను వెనక్కి తీసుకునే హక్కు ఫీల్డింగ్ కెప్టెన్‌కు ఉంది. తర్వాతి బంతి పడేలోపు అంపైర్ దగ్గరికి వెళ్లి, "సార్, మావాడు అరిచాడు, అందుకే ఆగిపోయాడు, ఆ అబ్బాయిని వెనక్కి పిలవండి" అంటే చాలు. అంపైర్ ఒప్పుకుంటే ఔట్ రద్దవుతుంది. దీనికి పెద్ద ధైర్యం కావాలి. అది చూపించినవాడు నీ హీరోనే. 2011 జులై 31న ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టులో ఇయాన్ బెల్ 137 పరుగుల మీద ఉన్నాడు. బంతి బౌండరీ దాటిందనుకుని టీ విరామానికి నడిచి వెళ్లిపోయాడు. బంతి దాటలేదు. మన చెన్నై కుర్రవాడు అభినవ్ ముకుంద్ బెయిల్స్ తీశాడు. చట్టం ప్రకారం ఔట్, అంపైర్లు ఇచ్చేశారు. ఇంగ్లండ్ వాళ్లు వచ్చి ఆలోచించమని అడిగారు. టీ విరామంలో ధోనీ జట్టుతో మాట్లాడి అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. అక్కడ మనవాళ్లు ఎవరినీ మోసగించలేదు, తప్పు బెల్‌దే. అయినా పిలిచారు. అంతకు ముందు 1980లో బొంబాయి జూబిలీ టెస్టులో కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్, అంపైర్ ఔట్ ఇచ్చిన బాబ్ టేలర్‌ను వెనక్కి పిలిచాడు. ఇంగ్లండ్ అప్పటికి 58 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుని ఉంది. బోథమ్‌తో టేలర్ భాగస్వామ్యం చివరికి 171 పరుగులకు చేరింది.

ఆ రెండు మ్యాచ్‌లూ మనం ఓడిపోయాం నాయనా. ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 319 పరుగుల తేడాతో, బొంబాయిలో పది వికెట్ల తేడాతో. ధర్మంగా ఆడితే గెలుస్తావని నేను నీకు చెప్పను, అది నిజం కాదు. ధర్మంగా ఆడినందుకు ఒక్కోసారి ఓడిపోతావు. ఆ ఓటమి భరించదగినది. పడగొట్టి తీసుకున్న గెలుపును మాత్రం ఎన్నేళ్లయినా ఎవరితోనూ నిండు మనసుతో చెప్పుకోలేవు.

ఇదే పని రేపు నీ మీద జరిగితే ఏం చేయాలో కూడా చెప్పాలి. యెస్, నో అని ఊరికే అరవొద్దు, జోడీ పేరు పెట్టి పిలువు. మ్యాచ్ మొదలయ్యేముందే ఆ అలవాటు మీ జట్టంతా చేసుకోండి. సగం దూరంలో సందేహం వస్తే గొంతు వినొద్దు, జోడీ ముఖం చూడు. ఫఖర్‌లా వేగం తగ్గించొద్దు. ముందు బ్యాటు క్రీజులో పెట్టు, తర్వాత మాట్లాడు. అవతలివాడు అరిచాడని తెలిస్తే, మర్యాదగా అంపైర్‌కు చెప్పు, ఎవరు అరిచారో, ఏమన్నారో చెప్పు. ఆయన ఒప్పుకోకపోతే వాదించకు, మ్యాచ్ అయ్యాక కోచ్‌కు చెప్పు. ఎంత కోపం వచ్చినా మీరు ఫీల్డింగ్‌కు దిగినప్పుడు అదే పని వాళ్ల మీద చేయకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒకడు మొదలుపెడితే మైదానమంతా పాడవుతుంది.

ఈ జబ్బు మన ఆటకొక్కదానికే లేదు. డాలస్‌లో మీ బావ బేస్‌బాల్ ఆడతాడు కదా, అక్కడా ఉంది. బేస్ నుంచి బేస్‌కు పరుగెత్తేవాడి దగ్గర, చేతిలో బంతి లేని ఫీల్డర్ ఉన్నట్టు నటించి ట్యాగ్ చేయబోతాడు. పరుగెత్తేవాడు బెదిరి అనవసరంగా జారి పడతాడు, చీలమండ విరగొచ్చు. అందుకే అమెరికా హైస్కూల్ నియమాల్లో ఆ నటనను పరుగుకు అడ్డుపడటం కిందే లెక్కేస్తారు, పరుగెత్తినవాడికి బేస్ ఇచ్చేస్తారు. ఎక్కడైనా పరుగెత్తే పిల్లల ఒళ్లు అలాంటిదే. నీ మ్యాచ్‌లో ఆ కుర్రవాడికి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది. తిరిగే ఊపులో మోకాలి లోపలి లిగమెంట్ తెగి ఉంటే వాడి ఆట అక్కడితో ముగిసేదేమో.

ఒక మాట నీకు కాదు, పెద్దవాళ్లం మాకు మేమే చెప్పుకోవలసింది. ఆ రనౌట్‌కు చప్పట్లు కొట్టినవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. పిల్లలకు గెలుపు తప్ప ఇంకేదీ ముఖ్యం కాదని మేమే నేర్పుతున్నాం. మీ స్నేహితుల తల్లిదండ్రులతో ఈ సంగతి నేనే మాట్లాడతాను, అది నా పని.

మన తెలుగువాళ్లకు ఈ ఊరి క్రికెట్‌లో ఒక పెద్ద వాటా ఉంది. తెల్లవాళ్ల క్లబ్బులో మనవాళ్లకు చోటు లేని రోజుల్లో, 1888లో బుచ్చిబాబు నాయుడు గారు మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. భారతీయులకూ తెల్లవాళ్లకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ జరగాలని పాటుపడి, మొదటి మ్యాచ్ చూడకుండానే 1908లో పోయారు. ఆయన పేరిట టోర్నమెంట్ 1909లో మొదలైంది. ఆయన చేసిన పనిలో వినబడేది ఒక్కటే, ఆటతో మమ్మల్ని కొలవండి, రంగుతో కాదని. మనల్ని న్యాయంగా చూడమని ఒకప్పుడు అడిగినవాళ్లం, మనతో ఆడేవాణ్ణి అన్యాయంగా పడగొట్టకూడదు.

ఇక నువ్వు చేయాల్సింది మూడు పనులు. ఆ కుర్రవాడి స్కూలు నీకు తెలుసు. వెళ్లి, జోడీ తప్పేమీ లేదనీ, అరిచింది మీవాడేననీ వాళ్లిద్దరికీ కలిపి చెప్పు, క్షమించమని అడుగు. అరిచిన నీ స్నేహితుణ్ణి పదిమందిలో తిట్టకు, పక్కకు పిలిచి ఎందుకు కూడదో చెప్పు. శనివారం నెట్స్‌కు ముందు జట్టును కూర్చోబెట్టి, "పరుగెత్తేవాడి పిలుపును మనం ఎప్పుడూ దొంగిలించం, ఎవరైనా దొంగిలిస్తే అప్పీల్ నేనే వెనక్కి తీసుకుంటాను" అని గట్టిగా చెప్పు. కెప్టెన్ అన్న పేరు టాస్ వేయడానికి ఇవ్వలేదు నీకు, ఇలాంటి మాట చెప్పడానికే ఇచ్చారు. ఆ మాట చెప్పి, దాని మీద నిలబడు.

ఇట్లు,
నీ మేలు కోరే తాతయ్య